గాజు పలక నేర్పిన పాఠము

హైదరాబాదు నుండి సంగారెడ్డికి పోవు రాజమార్గమున పటాన్‌చెరు దాటిన పిదప వచ్చు గ్రామము ముత్తంగి. ఈనాడు ఆ దారిన పోవువారికి అది గ్రామమువలె కనిపింపదు. ఒకవైపు కర్మాగారముల ప్రహరీగోడలు, మరియొకవైపు లారీల వరుసలు, ఆ ప్రక్కనే నగరమును చుట్టివచ్చు బాహ్యవలయ రహదారి కూడలి. 1999 వేసవిలో మేము విద్యార్థిదశలో ఉండి అచ్చటికి పోయినప్పుడు కూడ కర్మాగారములు ఉండెడివి. అయినను రోడ్డు దిగి రెండు ఫర్లాంగులు నడిచినచో జొన్న కోసిన చేలు, వేపచెట్లు, ఒక పాత మోటబావి కనిపించెడివి.

ఆ బావి మా పెద్దమ్మగారి మామగారిది. ఊరివారందరు ఆయనను తాత అనియే పిలిచెడివారు. మేమును అట్లే పిలిచినాము. మోట కొట్టుట మానివేసి చాల యేండ్లయినది. మోటారు వచ్చినది, కొంతకాలమునకు నీటికి రంగు కూడ వచ్చినది. ఆ ప్రాంతపు వాగులలోను బావులలోను కర్మాగారముల మురుగు చేరిన సంగతి 1990 నాటికే సుప్రీంకోర్టువరకు పోయినది. నీరు పనికిరాకపోయినను, తెల్లవారగానే వచ్చి బావిగట్టుమీద కూర్చుండు అలవాటును తాత మానలేదు. పొలము అప్పటికే బేరములో ఉన్నది. అది చేయి మారకముందే ఆ గట్టుపై ఆయన కూర్చుండగా ఒక ఛాయాచిత్రము తీయవలెనని మాకు తోచినది.

మా చేతిలో ఉన్నది సోవియట్ దేశమున తయారైన జెనిత్ కెమెరా. ఒకరు వాడి అమ్మగా తక్కువ ధరకు కొన్నది. దాని కటకము పేరు హేలియస్. నాభ్యంతరము 58 మిల్లీమీటర్లు. ఆ కటకమునకు వెలుగుద్వారమును సవరించుటకు రెండు వలయములు ఉండును. మొదటిది ద్వారమును ఎంతవరకు మూయవలెనో నిర్ణయించును గాని మూయదు. రెండవదానిని త్రిప్పినప్పుడే ద్వారము నిజముగా మూసికొనును. ద్వారము పూర్తిగా తెరచియున్నప్పుడు దృశ్యము కాంతివంతముగా కనిపించును గనుక, అప్పుడు స్పష్టత చూచుకొని, పిదప రెండవ వలయమును త్రిప్పి, అటుపిమ్మట మీట నొక్కవలెను. చెప్పుటకు ఇది చాల సులభము.

తాత తలరుమాలు సరిచేసికొన్నారు. వెండి కడెమున్న చేతిని గిలకకొయ్యపై వేసి కూర్చున్నారు. మేము మొదటి వలయమును ఎఫ్ 11 వద్ద నిలిపి, ఆయన ముఖము స్పష్టమగువరకు కటకమును సవరించి, మీట నొక్కినాము. “అయ్యిందా బిడ్డా?” అని అడిగినారు. అయినదని చెప్పినాము. అట్లు నాలుగు చిత్రములు తీసినాము. నాలుగింటిలోను రెండవ వలయమును త్రిప్పుట మరచినాము.

చుట్టలో ముప్పదియారు చిత్రములు. డబ్బు వృథా కారాదని అన్నియు నిండువరకు ఆగినాము. ఈలోగా వానాకాలము వచ్చినది. ఫిల్ము కడిగించి, కాగితముపై అచ్చు వేయించి చూచునప్పటికి రెండు నెలలు గడచినవి. ఎఫ్ 11 వద్ద తీయవలసినదానిని ఎఫ్ 2 వద్ద తీసినందున ముప్పదిరెండు రెట్లు వెలుగు ఫిల్ముపై పడినది. నెగటివు బొగ్గువలె నల్లబడినది; కాగితముపై తాత ముఖమున్నచోట తెల్లని మచ్చ ఉన్నది. తప్పు తెలిసికొని మేము మరల ముత్తంగికి పోవునప్పటికి తాత లేరు.

తప్పు చేసిన క్షణమునకును, అది తెలిసిన క్షణమునకును నడుమ రెండు నెలల దూరము. ఆ దూరమును గూర్చిన చింతయే మమ్ము ఈ కళయొక్క చరిత్రవైపు నడిపినది. మాకంటె ముందు కెమెరా పట్టినవారికి ఆ దూరమెంత ఉండెను? వారు ఎట్లు నేర్చుకొన్నారు?

పారిస్ నగరమున దగేర్ కనిపెట్టిన పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియైనది. వెండిపూత పూసిన రాగిరేకుపై బొమ్మ ఏర్పడెడిది. అది ఒక్కటే, దానికి ప్రతి లేదు. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి పలక పద్ధతిని ప్రకటించినాడు. పిమ్మట ఇంచుమించు ముప్పది సంవత్సరములు అదియే లోకమంతట రాజ్యమేలినది.

తడి పలక పని ఎట్టిదో ఈనాటివారికి ఊహించుట కష్టము. గాజు పలకను శుభ్రముగా తుడిచి, ఈథరు, సారాయము కలిసిన కొలోడియన్ ద్రవమును దానిపై సమముగా పారించవలెను. చీకటిగుడారములో దానిని సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచవలెను. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయవలెను. తీసిన వెంటనే గుడారములోనికి పరుగెత్తి, దానిపై రసాయనము పోసి బొమ్మను పైకి రప్పించవలెను. మన వేసవిలో ఈథరు త్వరగా ఎగిరిపోవును. కొన్ని నిమిషములు జాగు చేసినచో పలక ఆరి పాడగును. అందుచేత బొమ్మ తీయువాడు గుడారమును, సీసాలను, నీటిని, గాజు పెట్టెలను బండ్లకెత్తి వెంట తీసికొనిపోవలసియుండెను.

ఇంత శ్రమలో ఒక గొప్ప మేలు దాగియున్నది. తప్పు జరిగినచో అది అచ్చటనే, ఆ చెట్టుక్రిందనే తెలిసిపోయెడిది. వెలుగు ఎక్కువైనదా, తక్కువైనదా, కెమెరా కదలినదా, స్పష్టత తప్పినదా అన్నది పలకయే చెప్పెడిది. ఎదుట గుడి ఇంకను ఉన్నది, సూర్యుడు అంతగా జరుగలేదు. గాజును కడిగి మరల పూత పూసి మరల తీయవచ్చును. శిష్యుడు చేసిన తప్పును గురువు అప్పుడే దిద్దినట్లు, తడి పలక తనను వాడువానిని వెంటవెంటనే దిద్దెడిది.

ఆ యుగమున మన దేశమున ఈ విద్యను నేర్చినవారిలో పెక్కుమంది వేరొక ఉద్యోగమున ఉండి, తీరికవేళ అభ్యసించినవారే. బొంబాయిలో 1854లోను, మద్రాసులో 1856లోను ఇట్టివారు సంఘములు పెట్టుకొన్నారు. మద్రాసు సైన్యమున అధికారిగా ఉన్న లినేయస్ ట్రైప్ సెలవుపై స్వదేశమునకు పోయినప్పుడు ఈ విద్యను అలవరచుకొన్నాడు. పిదప మద్రాసు రాజధానికి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైనాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపమువద్ద త్రవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పములను ఆయన 1858లో చిత్రములుగా తీసినాడు. మరుసటి సంవత్సరమే ఆ రాళ్లను ఓడనెక్కించి లండనుకు పంపినారు. నేటికిని వాటిలో అధికభాగము బ్రిటిష్ మ్యూజియమునందే ఉన్నవి. మన నేలనుండి వెడలిపోవుటకు ముందు అవి ఎట్లుండెనో తెలుపుటకు ఆ చిత్రములు మిగిలినవి. వస్తువు చేయిజారుటకు ముందు, అది మన ఎదుట ఉన్నప్పుడే, తప్పులేకుండ తీయగలుగుట ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఇక హైదరాబాదువారు తమవానిగా భావించుకొను రాజా దీనదయాళ్ కథకు వత్తము. ఆయన 1844లో మీరట్ సమీపమున ఉన్న సర్ధానాలో ఒక జైన కుటుంబమున జన్మించినారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణశాఖయందు అంచనాలు వేయు ఉద్యోగిగా, నక్షాలు గీయువానిగా చేరినారు. కెమెరా ఆయనకు జీవనోపాధి కాదు. 1874 ప్రాంతమున, ముప్పదియేండ్ల వయస్సున, ఉద్యోగము చేయుచునే సరదాగా ఆ విద్యను ఆరంభించినారు. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించినారు. 1875-76లో వేల్సు యువరాజు మన దేశమునకు వచ్చినప్పుడు దీనదయాళ్ చిత్రములు తీసినారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ మొదలగు ప్రాంతములు తిరిగి కోటలను, ఆలయములను తీసినారు. అట్లు తీసిన మధ్యభారత కట్టడముల చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి.

నక్షాలు గీయు ఉద్యోగము ఆయనకు ఎంత ఉపకరించినదో ఆ కట్టడముల చిత్రములు చూచినవారికి తెలియును. ఆనాటి కటకములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము, ఒక్కొక్క దోషము. 1840లో పెట్స్‌వాల్ లెక్కగట్టి రూపొందించిన కటకము చాల వెలుగును లోనికి రానిచ్చెడిది, ముఖచిత్రములకు శ్రేష్ఠము. కాని నడుమ ఎంత స్పష్టమో అంచులవద్ద అంత మసక. ప్రకృతిదృశ్యములకు వాడు ఏకకటకము చౌక. కాని దానితో కోటగోడను తీసినచో అంచులలోని సరళరేఖ విల్లువలె వంగును. 1866లో లండనున డాల్‌మేయర్, మ్యూనిక్‌న స్టైన్‌హైల్ వేరువేరుగా ఈ వంపును పోగొట్టు జంటకటకములను తయారుచేసినారు. కట్టడములను తీయువారికి అది వరమైనది.

కటకము సరియైనదైనంత మాత్రమున పని తీరదు. ఎత్తైన శిఖరము పలకలో పట్టవలెనని కెమెరాను పైకి వంచినచో గోడలు వెనుకకు వాలిపోవుచున్నట్లు కనిపించును. కెమెరాను నిటారుగా నిలిపి, కటకమున్న ముందుపలకను మాత్రము పైకి జరుపుటయే దీనికి మందు. ఆ పని తెలిసినవానికి కూడ, నిలువుగీత నిలువుగా లేదని పసికట్టు కన్ను ఉండవలెను. దినమంతయు గోడల కొలతలు, స్తంభముల నిలువులు కాగితముపై గీయు ఉద్యోగికి ఆ కన్ను అప్పటికే ఏర్పడియుండుటలో వింత లేదు. ఒక పనిలో అబ్బిన నేర్పు మరియొక పనికి పనికివచ్చుట అనగా ఇదియే. కొత్త కటకము కొన్నవాడు నేర్చుకొనునది కొంత. తనకు ఇదివరకే తెలిసినదానిని ఆ కటకము వెనుక నిలుపగలిగినవాడు నేర్చుకొనునది ఎంతో ఎక్కువ.

1880 దశకమధ్యమున దీనదయాళ్‌కు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణ లభించినది. సికింద్రాబాదున చిత్రశాల వెలసినది. 1892లో పరదా పాటించు స్త్రీలకై ప్రత్యేక చిత్రశాల నేర్పరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనితకు అప్పగించినారు. 1894లో నిజాము ఆయనకు రాజాబహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదమునిచ్చినారు. 1905లో ఆయన కన్నుమూసినారు. ఆయన చిత్రశాలకు చెందిన 2857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది.

ఆయన హైదరాబాదుకు వచ్చిన కాలముననే ఈ విద్యలో పెద్ద మార్పు జరిగినది. 1871లో రిచర్డ్ మాడక్స్ సూచించిన జెలటిన్ పొడి పలక, తరువాతి సంస్కరణలతో 1880 నాటికి అంగడిలో దొరకు సరకైనది. దీనదయాళ్ కూడ పొడి పలకకు మారినారు. గుడారము అక్కరలేదు, నీటికుండలు అక్కరలేదు. సెకనులో కొద్దిభాగము వెలుగు పడిన చాలును గనుక, సైనికవిన్యాసములను, వేటలను, కదలుచున్న మనుష్యులను తీయ సాధ్యమైనది. కాని పలకను వెంటనే కడుగవలసిన అవసరము తప్పిపోగా, తప్పును వెంటనే చూచు అవకాశము కూడ తప్పిపోయినది. ఉదయము తీసినది రాత్రికో, ఊరికి తిరిగివచ్చిన పిదపనో తెలిసెడిది. పదియేండ్లు తడి పలకచేత దిద్దించుకొన్నవానికి ఆ ఆలస్యము హాని చేయలేదు. పలకపై ఏమి పడునో ఆయన ముందుగనే ఊహింపగలరు. ఆ శిక్షణ లేక పొడి పలకతోనే ఆరంభించినవారి కష్టము వేరు.

ఆ దూరము ఇంకను పెరిగినది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ అమ్మిన కొడక్ పెట్టెలో నూరు చిత్రములకు సరిపడు చుట్ట ఉండెడిది. నూరును తీసిన పిదప కెమెరాను యథాతథముగా కర్మాగారమునకు పంపవలెను; వారు చిత్రములు కడిగి, కొత్తచుట్ట నింపి తిరిగి పంపెడివారు. విద్య అక్కరలేకుండ ఎవరైనను బొమ్మ తీయవచ్చునన్నది అందలి ఆకర్షణ. నిజమే, కాని తీసినవానికిని, తీసిన బొమ్మకును నడుమ ఒక కర్మాగారము వచ్చి నిలిచినది. 1925లో వెలువడిన లైకా కెమెరా ముప్పదియారు చిత్రముల చుట్టను వ్యాప్తికి తెచ్చినది. మన దేశమున విదేశమారకపు కొరతవలన ఫిల్ము ఏనాడును చౌక కాలేదు. 1960లో ప్రభుత్వము ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించి, ‘ఇందు’ పేరిట ఫిల్మును, కాగితమును తయారుచేయించినది. అయినను సామాన్యుడు చుట్ట నిండువరకు ఆగుట మానలేదు. మేము ముత్తంగిలో తీసిన చుట్టకు రెండు నెలలు పట్టుటకు వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

ఆ దెబ్బ తరువాత మేము ఒక చిన్న నోటుపుస్తకము పెట్టినాము. ప్రతి చిత్రమునకు ద్వారమెంత, వేగమెంత, ఎండ ఎటునుండి వచ్చినది అన్నది వ్రాసికొనెడివారము. ఏడాదిపాటు వేరొక కటకము కొనరాదని నిశ్చయించుకొన్నాము. గోడకు వార్తాపత్రిక అంటించి, ఒక్కొక్క ద్వారమువద్ద ఒక్కొక్క చిత్రము తీసి, అక్షరములు ఎచ్చట చదువవచ్చుచున్నవో, ఎచ్చట మసకలుచున్నవో భూతద్దముతో చూచినాము. హేలియస్ ఎఫ్ 2 వద్ద నడుమ బాగుగా పలుకును, మూలలు మెత్తబడును. ఎఫ్ 8 వద్ద పుటయంతయు స్పష్టము. వేపచెట్టు ముందు మనిషిని నిలిపి ద్వారము తెరచి తీసినచో వెనుకనున్న ఆకులు సుడి తిరిగినట్లు కనిపించును. ఎదురెండలో వెలవెలబోవును గనుక నల్లకాగితముతో దానికొక గొట్టము చేసినాము. ఈ కటకము యుద్ధపూర్వకాలమున జర్మనీయందు జైస్ కంపెనీ చేసిన బయోటార్ రూపకల్పనను అనుసరించినదని తరువాత తెలిసినది. దోషములన్నియు తెలిసినపిదప ఆ కటకము మాకు ఆప్తమైనది. నోటుపుస్తకము చేసిన మేలు ఒక్కటే: తప్పు రెండు నెలలకు తెలిసినను, ఏ తప్పు చేసినామో అప్పటికి మరచిపోకుండ చేసినది.

1975లో కొడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిల్ము లేని తొలి ఎలక్ట్రానిక్ కెమెరాను నిర్మించినాడు. దాని సంతతియే నేడు ప్రతివారి జేబులోని ఫోనులో ఉన్నది. మీట నొక్కగనే బొమ్మ కంటికి కనిపించును. తడి పలకవానికి నిమిషములు పట్టినది మనకు క్షణము కూడ పట్టదు. చరిత్ర ఒక చుట్టు తిరిగి మొదటిచోటికే వచ్చినదనవచ్చును. కాని ఒక భేదమున్నది. తడి పలకవాడు తప్పును చూచి గాజు కడిగెడివాడు. మరల పూత పూయు శ్రమ ఎదుట ఉండుటచే, ఎందుకు తప్పినదని ఆలోచించెడివాడు. మనము తప్పును చూచి చెరిపివేసి మరియొక పది తీయుదుము. అద్దము చేతికి వచ్చినది. దానిలో చూచుకొను ఓపిక మాత్రము మనమే తెచ్చుకొనవలెను.

ముత్తంగి చిత్రముల నెగటివులను మేము పారవేయలేదు. వెలుగు చాలని నెగటివులో ఏమియు ఉండదు. నీడలో నమోదు కానిది ఎన్నటికిని రాదు. వెలుగు మితిమీరిన నెగటివు అట్లు కాదు. బొమ్మ ఆ నల్లదనము వెనుక కొంతవరకు దాగియుండును. ఇటీవల ఒకనాడు ఆ నాలుగింటిని బలమైన దీపముపై పెట్టి కంప్యూటరులోనికి ఎక్కించినాము. మూడింటిలో ఏమియు తేలలేదు. నాల్గవదానిలో ఇసుక చల్లినట్లున్న గరుకుదనము నడుమ, గిలకకొయ్య, దానిపై ఒక చేయి, రుమాలు మడత కనిపించినవి. ముఖము సగమే వచ్చినది.

దానిని తీసికొని ముత్తంగికి పోయినాము. బావి పూడ్చివేసినారు, ఆ చోట గోదాము లేచినది. పెద్దమ్మగారు చిత్రమును కిటికీవద్దకు తీసికొనిపోయి చాలసేపు చూచినారు. “గా కడెం తాతదే” అన్నారు. ముఖమును గూర్చి ఏమియు అనలేదు.

వచ్చుటకు ముందు ఆమెను ఆ కిటికీవద్దనే కూర్చుండబెట్టి ఒక చిత్రము తీసినాము. “అయ్యిందా బిడ్డా?” అని అడిగినారు. ఒక్క నిమిషము ఆగుమని చెప్పి, చూచుకొని, అటుపిమ్మట అయినదని చెప్పినాము.